నలికండ్ల పాముకు మూడు పేర్లు: లైగోసోమా, రియోపా, మబూయా. ఏది రాయాలి?

మీ ప్రశ్నను కుదించి చెప్పుకుంటే ఇది. కావలి దగ్గర మీ ఊళ్ళో, పెరట్లో మల్లె కుండీ జరిపితే కింద కాళ్ళున్న పాము పిల్ల లాంటిది కనిపించింది. సన్నగా ఉంది, ఒళ్ళంతా చుక్కలు, తోక ఎర్రగా ఉంది. ఎనిమిదో తరగతి చదివే మీ పాప ప్రాజెక్టు ఆల్బమ్‌లో దాని ఫోటో అంటించి శాస్త్రీయ నామం రాయాలి. ఫోన్‌లో యాప్ 'లైగోసోమా పంక్టాటా' అంది. ఒక వెబ్‌సైట్ 'రియోపా పంక్టాటా' అంది. మీ డిగ్రీ నాటి పుస్తకంలో నలికిరి (నలికండ్ల పాముకే ఇంకో పేరు) బొమ్మ కింద 'మబూయా కారినాటా' అని ఉంది. మీ అత్తగారేమో అది నాకినా మనిషి బతకడు అంటున్నారు. చీపురు తగిలి దాని తోక ఊడిపోయింది, మళ్ళీ వస్తుందా అని కూడా అడిగారు.

రియోపా పంక్టాటా అని రాయించండి. లైగోసోమా అన్నది అదే జంతువుకు మొన్నటిదాకా వాడిన పాత పేరు, కాబట్టి యాప్ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. మబూయా కారినాటా మాత్రం వేరే జంతువు. పైగా ఆ పేరు కూడా పాతబడింది, ఇప్పుడు దాన్ని యూట్రోపిస్ కారినాటా అంటున్నారు. ఇక విషం సంగతి: లేదు. కోరల్లో లేదు, నాలుక మీద లేదు, చర్మం మీద లేదు. మన దేశంలో ఏ నలికిరికీ విషం లేదు. అత్తగారికి ఈ మాట మెల్లగా చెప్పండి, మా ఇంట్లో ఒప్పించడానికి నాకు పదేళ్ళు పట్టింది.

నేను ఒంగోలు, నెల్లూరు మధ్య కాలేజీల్లో ముప్పై ఏళ్ళకు పైగా జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఈ పేర్ల మార్పుల్లో నేనే ఒకసారి బోర్లా పడ్డాను, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు ఇంటిపేరు లెక్క. ఇంగ్లీషు వాళ్ళకు ఇంటిపేరు చివర ఉంటుంది, మనకు ముందు ఉంటుంది. శాస్త్రీయ నామం మన పద్ధతిలోనే నడుస్తుంది. 'రియోపా' ఇంటిపేరు, 'పంక్టాటా' పెట్టిన పేరు. పంక్టాటా అంటే లాటిన్‌లో చుక్కలున్నది అని. మొదటి మాటను ప్రజాతి అంటాం, రెండూ కలిస్తే జాతి. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన గోత్రం ఒకటి కాదని మనకు తెలుసు. జంతుశాస్త్రంలో అది కుదరదు. ఒకే ప్రజాతి పేరు పెట్టారంటే వాటన్నిటికీ మూలపురుషుడు ఒకడే అయి ఉండాలి, ఆ మూలపురుషుడి సంతానంలో ఎవరినీ బయట వదలకూడదు. ఈ నియమం తప్పినట్టు ఎప్పుడు తేలినా ఇంటిపేరు మార్చేస్తారు. పెట్టిన పేరు జోలికి మాత్రం మామూలుగా పోరు.

లైగోసోమాకు జరిగింది ఇదే. ఈ ప్రజాతిని హార్డ్‌విక్, గ్రే అనే ఇద్దరు 1827లో పెట్టారు. గ్రీకులో 'లైగోస్' అంటే వంగే సన్నని కొమ్మ, 'సోమా' అంటే ఒళ్ళు. బెత్తం లాంటి ఒళ్ళున్నది అన్నమాట, పేరు బాగానే కుదిరింది. ఆ తరువాత వందేళ్ళకు పైగా పొడుగు ఒళ్ళు, పొట్టి కాళ్ళు ఉన్న నలికిరి ఏ దేశంలో దొరికినా చాలామంది తెచ్చి ఈ లైగోసోమా సంచిలో వేశారు. ఆఫ్రికావి, ఇండియావి, థాయ్‌లాండ్, జావా వైపువి అన్నీ ఒకే సంచిలో.

చిక్కంతా ఆ పొట్టి కాళ్ళతోనే. మట్టిలో, ఆకుల కింద, గడ్డి దుబ్బుల్లో దూరి బతికేదానికి పొడుగు కాళ్ళు అడ్డం. తరాలు గడిచేకొద్దీ ఒళ్ళు సాగుతుంది, కాళ్ళు కుదించుకుంటాయి. నలికిరుల కుటుంబంలో 1,500కు పైగా జాతులున్నాయి. వాటిలో ఈ మార్పు ఒకసారి కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని శాఖల్లో ఎన్నోసార్లు జరిగింది. కొన్నిట్లో కాళ్ళు పూర్తిగా పోయాయి కూడా. మన రాష్ట్రంలోనే విశాఖ వైపు బార్కూడియా, సెప్సోఫిస్ అనే ప్రజాతులున్నాయి. వాటికి కాళ్ళే కనిపించవు, తెలియనివాళ్ళు వానపామో గుడ్డి పామో అనుకుంటారు. కాబట్టి కాళ్ళు పొట్టిగా ఉన్నాయని రెంటికి చుట్టరికం కలపడం, ఇద్దరికీ బట్టతల ఉంది కాబట్టి అన్నదమ్ములు అన్నట్టే.

డీఎన్ఏ చూడటం మొదలయ్యాక సంచి విప్పక తప్పలేదు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన పరిశోధకులు 2014లోనే లైగోసోమా ఒక్క వంశం కాదని చూపించారు. 2019లో వాళ్ళలో కొందరు, అమెరికా వాళ్ళు కలిసి మొత్తం పంపకాలు చేసేశారు. ఆగ్నేయాసియాలోని ఒక గుంపుకు లైగోసోమా పేరు ఉండిపోయింది. ఆఫ్రికా వాటిని మోక్లస్ కిందికి చేర్చారు. మన దేశం, దాని చుట్టుపక్కలవి ఎక్కువగా రియోపా కిందికి వచ్చాయి. మిగిలిన ఇంకో ఆసియా గుంపుకు అప్పటిదాకా సరిపోయే పేరేదీ లేకపోవడంతో సబ్‌డోల్యూసెప్స్ అని కొత్త పేరు పెట్టారు. లాటిన్‌లో 'సబ్‌డోలస్' అంటే మోసకారి. ఇన్నాళ్ళూ చూసినవాళ్ళను రూపంతో మోసం చేసినందుకు ఆ పేరు దానికి తగినదే. ఈ గుంపులోది ఒకటి మనకు దగ్గర్లోనే, తమిళనాడు కొండల్లో ఉంది.

పంపకాల్లో పాత ఇంటిపేరు ఎవరికి దక్కాలి? దీనికి నియమం ఉంది. ప్రజాతిని మొదట పెట్టినప్పుడు ఏ జాతిని ఆధారంగా చూపించారో ఆ జాతి ఎటు వెళితే పేరు అటు వెళుతుంది. లైగోసోమా పేరు ఆగ్నేయాసియాలో ఉండే 'క్వాడ్రుపెస్' అనే జాతికి కట్టేసి ఉంది, అందుకే ఆ పేరు అక్కడే ఆగింది. మన చుక్కల నలికిరికేమో గ్రే 1839లోనే రియోపా అని ఒక పేరు పెట్టి ఉన్నాడు. మధ్యలో పక్కన పెట్టిన ఆ పేరునే అటక మీంచి దించి దుమ్ము దులిపి వాడుతున్నారు. అంటే మీ యాప్‌ది నిన్నటి పేరయితే, వెబ్‌సైట్‌ది మొన్నటి పేరు. ఆ మొన్నటి పేరే ఇవాళ్టి పేరు.

ఇంకో చిన్న సంగతి, పాప అడిగితే పనికొస్తుంది. కొన్ని పుస్తకాల్లో 'లైగోసోమా పంక్టాటమ్' అని కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు. సోమా నపుంసక లింగం, కాబట్టి రెండో మాట పంక్టాటమ్ అవ్వాలి. రియోపా స్త్రీలింగం, కాబట్టి పంక్టాటా. ఇంటిపేరు మారితే పెట్టిన పేరు అలాగే ఉంటుంది కానీ చివరి అక్షరం సర్దుకుంటుంది.

ఇక మబూయా కథ. ఇక్కడే నేను పడ్డాను.

మా కాలేజీ మ్యూజియంలో ఫార్మలిన్ సీసాలో ఒక నలికిరి ఉండేది. నేను చేరేనాటికే అది రంగు వెలిసి అరటినార లాగా అయిపోయింది. సీసా మీద మబూయా కారినాటా అని నల్ల ఇంకుతో రాసిన కాగితం. అన్ని బ్యాచ్‌లకూ అదే చెప్పాను, అదే స్పాటింగ్‌లో (నమూనా చూసి పేరు రాసే పరీక్షలో) పెట్టాను. ఒక ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఒకమ్మాయి యూట్రోపిస్ కారినాటా అని రాసింది. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి రెండు మార్కులు తీసేశాను. మర్నాడు ఆ అమ్మాయి ప్రింటు తీసిన కాగితం పట్టుకొని స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడింది. ఏమీ అనలేదు, కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. చదివాను. ఆ పిల్ల రాసిందే రైటు, నేను ఏళ్ళ తరబడి వెనకబడి ఉన్నాను. మార్కులు కలిపాను కానీ ఆ టెన్షన్ చాలా రోజులు పోలేదు. సిలబస్‌లో పాత పేరే ఉంది కాబట్టి నాది తప్పు కాదని సర్దిచెప్పుకోవచ్చు. కానీ చదువు చెప్పేవాడు సిలబస్ వెనక దాక్కోవడం నాకు నచ్చదు.

జరిగిందేమిటంటే, మబూయా కూడా లైగోసోమా లాంటి సంచే, ఇంకా పెద్దది. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆసియా నలికిరులన్నీ అందులో ఉండేవి. 2002లో దాన్ని నాలుగు ముక్కలు చేశారు. మబూయా పేరు అమెరికా ఖండం వాటికి మిగిలింది. ఆఫ్రికా వాటికి ఇప్పుడు ట్రాకిలెపిస్ అని పేరు. కేప్ వర్డీ దీవుల్లోవి కియోనీనియా అయ్యాయి. మనవి యూట్రోపిస్ అయ్యాయి. యూట్రోపిస్ కూడా కొత్తగా పుట్టించిన పేరు కాదు, ఫిట్జింగర్ 1843లో పెట్టినదే. మన కారినాటాకు మొదట పేరు పెట్టింది ష్నైడర్, 1801లో, 'స్కింకస్ కారినాటస్' అని. స్కింకస్, మబూయా, యూట్రోపిస్ అని ఇంటిపేరు ఇన్నిసార్లు మారినా కారినాటా మాత్రం కదల్లేదు చూడండి. ఈ యూట్రోపిస్ పూర్వీకులు ఆగ్నేయాసియా వైపు నుంచి మన దేశంలోకి వచ్చి, ఇక్కడే రకరకాలుగా చీలాయని 2012లో డీఎన్ఏ ఆధారంగా తేల్చారు.

ఇంట్లో కనిపించినది రియోపానా, యూట్రోపిసా తెలుసుకోవడానికి పేర్లన్నీ చదవక్కర్లేదు. నేను విద్యార్థులకు చెప్పే పద్ధతి ఇది. ఫోటోలో ముందు కాలును వెనక్కి, వెనక కాలును ముందుకి ఒళ్ళు వెంబడి చాపినట్టు ఊహించుకోండి. రెండూ కలవకుండా మధ్యలో బాగా ఖాళీ మిగిలితే రియోపా. కలిసినా, ఒకదాని మీదికి ఒకటి వచ్చినా యూట్రోపిస్. పొలుసులు ఇంకో గుర్తు. రియోపా పొలుసులు నున్నగా, నూనె రాసిన ఇత్తడి చెంబులా మెరుస్తాయి. కారినాటా వీపు పొలుసులను భూతద్దంలో చూస్తే ఒక్కోదాని మీద మూడు సన్నని గట్లు కనిపిస్తాయి, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. దుక్కి దున్నిన చేను పైనుంచి చూసినట్టు ఉంటుంది. కారినాటా అన్న మాటకు అర్థం కూడా గట్టున్నది అనే.

సైజు కూడా తేడానే. పెరిగిన కారినాటా తోకతో కలిపి జానెడు దాటుతుంది, లావుగా కంచు రంగులో ఉంటుంది, పక్కల పసుపు చార ఉంటుంది. పట్టపగలు గోడవార ఎండ కాచుకుంటూ, మనిషి అలికిడికి గరగరమని ఆకుల్లోకి ఉరికేది అదే. రియోపా అలా ఎండలో కూర్చోదు. ఇటుకల కింద, కుండీల కింద, గడ్డివామి అడుగున, పెంటకుప్ప పక్కన చెమ్మలో ఉంటుంది. చెదలు, చిన్న పురుగులు తిని బతుకుతుంది. కదిలిస్తే కాళ్ళు ఒంటికి చేర్చుకొని పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. మన వైపు అక్టోబర్, నవంబర్ వానలకు నేల నీళ్ళు పట్టినప్పుడు బాత్‌రూముల్లోకి, మెట్ల కిందకి వచ్చేస్తుంది. ఫోన్లు నాకు ఎక్కువగా వచ్చేది ఆ రెండు నెలల్లోనే.

అలా వచ్చిన ఫోన్ ఒకటి గుర్తుంది. కోవూరు వైపు ఒక ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక కట్లపాము పిల్ల ఉందని రాత్రి తొమ్మిదింటికి పిలిచారు. వెళ్ళేసరికి ఇంటిల్లిపాదీ మంచాల మీద కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చున్నారు. టార్చి వేస్తే గోధుమ రంగు ఒళ్ళు, మెడ పక్కల తెల్ల చుక్కలు. అది రియోపాలోనే ఇంకో జాతి, ఆల్బోపంక్టాటా, అంటే తెల్లచుక్కలది. ఇంటి పెద్దాయన నమ్మలేదు. "కాళ్ళేవి సార్?" అన్నాడు. ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, కింద అట్ట తోసి, వెలుతురులోకి తెచ్చి చూపించాను. అప్పుడు అది కన్ను మూసి తెరిచింది. పాముకు రెప్పలు లేవు, కన్ను ఆర్పలేదు. ఆ ఒక్క రెప్పపాటు నా పదినిమిషాల ఉపన్యాసం కంటే బాగా పనిచేసింది. మంచాలు దిగారు.

మీది పంక్టాటా అనడానికి కారణాలు: వీపు మీద ఒక్కో పొలుసుకు ఒక్కో నల్ల చుక్క ఉండి అవి వరసలుగా గీతల్లా కనిపించడం, వీపుకు రెండు పక్కలా లేత చార, ఎర్ర తోక. ఎర్ర తోక చిన్నప్పుడే ఉంటుంది, పెరిగేకొద్దీ వెలిసిపోతుంది. కాబట్టి మీరు చూసింది పిల్ల. వీలైతే ఫోటోను పెద్దది చేసి కన్ను చూడండి. దీని కింది రెప్పలో గాజు పలక లాంటి చిన్న కిటికీ ఉంటుంది. మట్టిలో దూరేటప్పుడు రెప్ప మూసుకున్నా వెలుతురు తెలిసేందుకు అది పనికొస్తుంది.

అయితే రెండు జాగ్రత్తలు. నలికిరికి విషం లేదని చెప్పాను కానీ, గడ్డిలో సగం కనిపించినది నలికిరే అని మీరు ఎలా చెప్పగలరు? కాళ్ళు కనిపించేదాకా చేయి పెట్టకండి, పాపను పెట్టనివ్వకండి. మన జిల్లాల్లో కట్లపాములు నిజంగానే ఎక్కువ, అవి కూడా ఇటుకల కిందే ఉంటాయి. రెండోది, పై గుర్తులు ప్రజాతి దాకా బాగా పనిచేస్తాయి, జాతి దగ్గర కొన్నిసార్లు తడబడతాయి. యూట్రోపిస్‌లో చిన్న జాతులు ఫోటోల్లో ఒకేలా ఉంటాయి. నల్లమలలో నాగార్జున కొండ పేరు మీద యూట్రోపిస్ నాగార్జునెన్సిస్ అని ఒకటుంది, దాన్ని 1969లో వర్ణించారు. దోర్నాల వైపు వెళ్ళినప్పుడల్లా దానికోసం రాళ్ళ మధ్య వెతికాను. దొరికినవన్నీ మాక్యులేరియా అనే మామూలు జాతివే. రెండుసార్లు మాత్రం అదే దొరికిందని సంబరపడి, గట్లు లెక్కపెట్టాక చల్లబడ్డాను.

మీది సముద్రం దగ్గరి ఊరు కాబట్టి ఇంకో మాట. సరుగుడు తోటల్లో, ఇసుక దిబ్బల మీద కనిపించే సన్నని చారల నలికిరిని చూసి ఇదీ అదేలే అని వదిలేయకండి. తూర్పు తీరం ఇసుకలో యూట్రోపిస్ బిబ్రోనై అని వేరే జాతి ఉంది. తీరానికి దూరంగా, లోపలి ఊళ్ళలో దాన్ని నేను చూడలేదు. పాప ఆల్బమ్‌కు రెండో ఫోటో కావాలంటే ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు అటు వెళ్ళండి.

ఆల్బమ్‌లో పైన నలికండ్ల పాము, కింద రియోపా పంక్టాటా, దాని పక్కన 'పాత పేరు లైగోసోమా పంక్టాటమ్' అని రాస్తే చాలు. టీచరు దగ్గర పాత పుస్తకం ఉన్నా ఇబ్బంది రాదు. వాళ్ళు అప్పటికీ కొట్టేస్తే ఈ సమాధానం ప్రింటు తీసి ఇవ్వండి, నాకు జరిగిందే వాళ్ళకూ జరుగుతుంది.

ఇక తోక. వస్తుంది. తోక ఊడటం దెబ్బ తగలడం లాంటిది కాదు, అది దాని ఏర్పాటే. వెన్నుపూసలో తెగడానికి ముందే గీత ఉంటుంది, పట్టుకోగానే అక్కడ కండరం బిగించి తెంపేసుకుంటుంది. ఎరుపు రంగు కూడా అందుకే, పిల్లి అయినా కాకి అయినా తల వదిలి తోక మీద పడతాయి. ఎగిరే తోకను చూస్తూ అవి ఉండిపోతాయి, ఇది జారుకుంటుంది. కొన్ని వారాల్లో మొలవడం మొదలవుతుంది, పూర్తవడానికి నెలలు పడుతుంది. కొత్త తోకలో ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి కడ్డీ ఒకటే ఉంటుంది. కాస్త పొట్టిగా, చుక్కల వరస పాత దానితో సరిగ్గా కలవకుండా వస్తుంది. సంక్రాంతి దాటాక ఆ కుండీ మళ్ళీ జరిపి చూడండి. అతుకు కనిపిస్తే అది మీదే.